పంజరపు చిలుక మేత: గింజ నుండి విటమిను దాకా

చిలుక అనగానే మనకు జామపండు జ్ఞాపకం వస్తుంది. ఆ తరువాత మిరపపండు. ఈ రెండింటితో పాటు గుప్పెడు వడ్లో, కొర్రలో పంజరంలోని చిప్పలో పోస్తే చిలుక భోజనం పూర్తి అయినట్లే అని మన పెద్దలు భావించేవారు. వీధి అరుగు మీద కూర్చున్న చిలుక జోస్యం వాడు కూడా, చిలుక బయటికి వచ్చి ఒక చీటీ లాగి ఇచ్చిన ప్రతిసారీ ఒక్క వడ్లగింజ దాని నోటికి అందించి మళ్లీ పంజరంలోకి పంపేవాడు. ఆ గింజ చిలుకకు కూలి. అది దాని ఒంటికి చాలునా అని అడగాలని ఎవరికీ తోచలేదు.

ఈ ప్రశ్న నేనూ చాలా ఆలస్యంగా అడిగినాను. కళాశాలలో జంతుశాస్త్రం బోధించే నేను, కొన్నేండ్ల క్రిందట మా ఇంట ఒక జత లవ్ బర్డ్స్‌ను పెంచినాను. బజారులో ఈ పేరుతో అమ్మే చిన్న పక్షుల అసలు పేరు బడ్జరిగార్. ఇవి ఆస్ట్రేలియా దేశపు చిలుకలు. రెండేండ్ల పాటు వాటికి శుభ్రమైన కొర్రలు, శుభ్రమైన నీరు తప్ప మరేమీ పెట్టలేదు. చిప్ప ఎన్నడూ ఖాళీగా లేదు. అయినా ఆడపక్షి రెండవసారి గ్రుడ్లు పెట్టే సమయంలో, గ్రుడ్డు బయటికి రాక ఒక రాత్రంతా బాధపడి చనిపోయింది. పశువైద్యుడు దానిని పరీక్షించి, “కాల్షియం కరవైందండీ, మేత ఏం పెడుతున్నారు?” అని అడిగినారు. ఎముకకూ గ్రుడ్డు పెంకుకూ కాల్షియం కావాలని ప్రతి సంవత్సరం నల్లబల్ల మీద వ్రాసే నా వద్ద ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది.

కడుపు నిండడం వేరు, పోషణ జరగడం వేరు. ఈ భేదం మానవునికి తెలియడానికి ఎంత కాలం పట్టిందో, అది తెలుసుకోవడానికి పక్షులే ఎట్లా తోడ్పడినవో, ఆ తెలివిని తిరిగి పక్షి గిన్నెలోనికి తేవడం ఎందువల్ల కష్టమైనదో ఈ వ్యాసంలో చూద్దాం.

రోము నగరంలో మన చిలుక

క్రీస్తుకు పూర్వం 400 ప్రాంతంలో, పారశీక చక్రవర్తి ఆస్థానంలో వైద్యుడుగా ఉండిన క్టీసియస్ అనే గ్రీకు రచయిత, భారతదేశాన్ని గురించిన తన గ్రంథంలో మనిషివలె మాట్లాడే ఒక పక్షిని వర్ణించినాడు. అలెగ్జాండరు దండయాత్ర తరువాత మన చిలుకలు గ్రీసుకూ, అటుపిమ్మట రోముకూ ప్రయాణం చేసినవి. భుజాలపై ఎర్రని మచ్చ గల మన పెద్ద చిలుకను పాశ్చాత్యులు నేటికీ అలెగ్జాండరు పేరుతోనే పిలుస్తారు. మన దేశంలోనూ చిలుకను పెంచడం పాత సంగతే. వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళలలో చిలుకలకు, గోరువంకలకు మాటలు నేర్పడం ఒకటి.

మాటలు నేర్పడం గురించి వ్రాసినవారు మేతను గురించి వ్రాసింది తక్కువ. రోమను కవి ఓవిడ్, తన ప్రియురాలి పెంపుడు చిలుక చనిపోయినప్పుడు ఒక పద్యం వ్రాస్తూ, గట్టి పెంకుల కాయలు, గసగసాలు, మంచినీరు దాని ఆహారంగా పేర్కొన్నాడు. రెండు వేల ఏండ్ల క్రిందటి ఈ భోజనానికీ, నేను నా పక్షులకు పెట్టిన భోజనానికీ చెప్పుకోదగిన తేడా లేదు. రెండూ గింజలే.

1493లో కొలంబస్ అమెరికా దీవుల నుండి చిలుకలను స్పెయిన్‌కు తెచ్చినాడు. 1840లో జాన్ గూల్డ్ ఆస్ట్రేలియా నుండి సజీవమైన బడ్జరిగార్లను ఇంగ్లండుకు తెచ్చినాడు. చిలుకలు దేశదేశాలకు వ్యాపించిన కొద్దీ వాటి చిప్పలో గింజల రకాలు పెరిగినవి. అమెరికా ఖండపు పొద్దుతిరుగుడు గింజ కూడా వచ్చి చేరింది. అయితే గింజ మాత్రం గింజగానే నిలిచింది. ఎందుకంటే గింజ నెలల తరబడి నిలువ ఉంటుంది, కుళ్లదు, పంజరాన్ని పాడుచేయదు. ఇవన్నీ పెంచేవానికి కలిగే లాభాలు. పక్షికి ఏమి లాభమో చెప్పగల శాస్త్రం అప్పటికి ఇంకా పుట్టలేదు. అడవిలోని చిలుక గింజతో పాటు లేత మొగ్గలు, చిగుళ్లు, పండ్లు, పాలుపట్టిన పచ్చి కంకులు, పూలలోని తేనె తింటుంది. మైళ్ల కొద్దీ ఎగిరి, తిన్న క్రొవ్వును ఖర్చు చేస్తుంది. పంజరంలోనికి వచ్చింది ఆ భోజనంలో ఒక్క భాగం మాత్రమే.

జావా ద్వీపపు కోళ్లు

ఈ శాస్త్రానికి మొదటి పాఠం చెప్పినది చిలుక కాదు, కోడి. డచ్చివారి పాలనలో ఉండిన జావా ద్వీపంలో, నేడు జకార్తా అని పిలిచే బటేవియా నగరంలో, క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే సైనిక వైద్యుడు బెరిబెరి వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని వెదుకుతూ ఉండినాడు. 1890 ప్రాంతంలో ఆయన ప్రయోగశాలలోని కోళ్లకు హఠాత్తుగా కాళ్లు పడిపోయినవి. బెరిబెరి రోగుల లక్షణాలే కోళ్లలోనూ కనబడినవి. కొన్నాళ్లకు మందు ఏదీ వేయకుండానే కోళ్లు కోలుకున్నవి. ఆరా తీయగా తేలిన సంగతి ఇది: కోళ్లను చూసే పనివాడు సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నాన్ని కొన్ని నెలలు వాటికి వేసినాడు. తరువాత వచ్చిన క్రొత్త వంటవాడు, సైనికుల అన్నం సైన్యానికి చెందని కోళ్లకు వేయడానికి ఒప్పుకోలేదు. అందువల్ల కోళ్లకు మళ్లీ తవుడు పోని ముడిబియ్యం వేయవలసి వచ్చింది. జబ్బు తెచ్చినది తెల్లబియ్యం, కుదిర్చినది తవుడు.

ఐక్‌మన్ మొదట తెల్లబియ్యంలో ఏదో విషం ఉన్నదని, తవుడు దానికి విరుగుడని తలచినాడు. ఆయన తరువాత ఆ పని చేపట్టిన గెరిట్ గ్రెయిన్స్ 1901లో దీనికి సరియైన అర్థం చెప్పినాడు: తెల్లబియ్యంలో విషం లేదు, శరీరానికి కావలసినది ఏదో లేదు. వ్యాధి అంటే ఒక చెడ్డ వస్తువు లోపలికి రావడం అని అందరూ నమ్ముతున్న రోజులలో, ఒక మంచి వస్తువు లేకపోవడం కూడా వ్యాధే అని చెప్పడం చిన్న మాట కాదు. లండనులో కాసిమిర్ ఫంక్ తవుడు సారంతో పావురాల జబ్బు కుదిర్చి, 1912లో ఆ పదార్థానికి ‘విటమిన్’ అన్న పేరు పెట్టినాడు. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించింది.

మన దేశంలో ఈ పరిశోధన కూడా పక్షులతోనే నడిచింది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక చిన్న ప్రయోగశాల ప్రారంభించి, మరపట్టిన బియ్యం తిన్న పావురాలలో నరాలే కాక ప్రేగులు, గ్రంథులు కూడా ఎట్లా దెబ్బతింటవో చూపించినాడు. ఆ ప్రయోగశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో ప్రసిద్ధికెక్కింది.

ఒక్కొక్క కొరతకు ఒక్కొక్క గుర్తు

ఆ తరువాత పోషకాలు ఒకటొకటిగా బయటపడినవి. 1913లో విటమిన్ ‘ఎ’ గుర్తింపబడింది. ఆకుకూరలలో, పసుపుపచ్చని కూరలలో ఉండే కెరోటిన్ శరీరంలో విటమిన్ ‘ఎ’గా మారుతుందని 1930లో థామస్ మూర్ నిరూపించినాడు. గింజలు మాత్రమే తినే చిలుకకు తరచుగా కరవయ్యేది ఈ విటమినే. అది లేకపోతే నోటిలోని, ముక్కులోని మెత్తని పొరలు గట్టిపడతవి. నోటిలో తెల్లని మచ్చలు లేస్తవి. ముక్కు రంధ్రాలు మూసుకుపోతవి. అంటురోగాలకు దారి ఏర్పడుతుంది.

ఇంటిలోపల పెంచిన కోడిపిల్లలకు కాళ్లు వంకరపోవడం విటమిన్ ‘డి’ కొరతవల్లనే అని 1920 దశాబ్దంలో తేలింది. చేపనూనె ఇచ్చినా, ఎండ తగిలినా అవి కోలుకున్నవి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ మాత్రం పనికిరాదు. కావలసిన అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపివేస్తుంది. క్రొవ్వు తీసివేసిన మేత తిన్న కోడిపిల్లలలో రక్తం గడ్డకట్టకపోవడం 1929లో కోపెన్‌హేగెన్‌లో హెన్రిక్ డామ్ గమనించినాడు. దాని నుండి విటమిన్ ‘కె’ దొరికింది. కోడిపిల్లలలో రక్తహీనతను నివారించే ఒక పదార్థాన్ని 1940లో అమెరికాలో హోగన్, ప్యారట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వివరించినారు. రెండవవారి ఇంటిపేరు చిలుకను జ్ఞాపకం చేయడం కేవలం యాదృచ్ఛికం. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దానిని 1945లో కృత్రిమంగా తయారుచేసినది లెడర్లీ ప్రయోగశాల బృందం. ఆ పరిశోధనలకు నాయకత్వం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవారు.

ఈ విధంగా విటమినుల చరిత్రలో సగం కోళ్లగూటిలోనే జరిగింది. దాని లాభం కూడా ముందుగా కోళ్లకే దక్కింది. 1944 నాటికే కోళ్లకు ఏ పోషకం ఎంత కావాలో అమెరికా జాతీయ పరిశోధనా మండలి పట్టికలు ప్రకటించింది. కోడి అమ్ముడుపోయే జీవి. దాని మేత మీద పెట్టిన ఖర్చు తిరిగి వస్తుంది. పంజరపు చిలుకకు ఆ భాగ్యం లేదు.

కోడి వేరు, చిలుక వేరు

కోడి పట్టికను చిలుకకు అన్వయించరాదా? కోడిపిల్ల గ్రుడ్డులో నుండి వచ్చిన రోజే తనంత తాను గింజ ఏరుకొని తింటుంది. చిలుక పిల్ల ఈకలు లేకుండా, కండ్లు తెరవకుండా పుడుతుంది. తల్లిదండ్రులు కక్కి పెట్టిన మెత్తని మేతతోనే పెరుగుతుంది. కోడిని కొన్ని వారాలో, నెలలో పెంచుతారు. పెద్ద జాతి చిలుకలు దశాబ్దాలు బ్రతుకుతవి. అందువల్ల చిలుకలో కొరత నెమ్మదిగా, కంటికి కనబడకుండా పేరుకుంటుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో రౌడీబుష్, గ్రౌ అనే శాస్త్రజ్ఞులు కాకటీల్ అనే చిన్న ఆస్ట్రేలియా చిలుక పిల్లలను చేతితో పెంచి, 1986లో తమ ఫలితాలను ప్రకటించినారు. పిల్లలు బాగా ఎదగడానికి మేతలో నూటికి 20 వంతులు మాంసకృత్తులు కావాలని, మేతలో కలిపే నీటి పాలు వయస్సుతో పాటు మారాలని వారు చూపినారు. ఇట్టి పరిశోధనల ఆధారంగానే అన్ని పోషకాలు కలిపి అచ్చుపోసిన గుళికల మేత బజారులోనికి వచ్చింది. మరొక ప్రక్క, ఇంటిలోనే చిక్కుడు జాతి గింజలు, మొక్కజొన్న, బియ్యం నానబెట్టి ఉడికించి, కూరముక్కలు కలిపి పెట్టే పద్ధతి కూడా పెంపకందారులలో వ్యాపించింది.

ఎక్కువ పెడితే ఎక్కువ మేలు అని తలచడమూ పొరపాటే. 2003లో అదే డేవిస్ శాఖకు చెందిన శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగంలో, ఎదిగిన కాకటీల్ పక్షులు విటమిన్ ‘ఎ’ తక్కువైనప్పటి కంటె ఎక్కువైనప్పుడే తొందరగా దెబ్బతిన్నవి. వాటి కూత సైతం మారిపోయింది. గుళికల మేత తినే పక్షికి పైగా విటమిను చుక్కలు వేయడం ఈ కారణం వల్ల అపాయకరం. ఆకుకూరలోని కెరోటిన్‌తో ఈ భయం లేదు. శరీరం దానిని తనకు కావలసినంత మేరకే మార్చుకుంటుంది.

ఒకే గిన్నె, రెండు లెక్కలు

ఇప్పుడు ఇంటి మిశ్రమాన్ని గురించి విద్యార్థులు స్వయంగా చేయదగిన ఒక లెక్క చూద్దాం. పక్షి మేతలో కాల్షియం, భాస్వరం దాదాపు సమానంగానో, కాల్షియం కొంచెం ఎక్కువగానో ఉండాలి. భాస్వరం మరీ ఎక్కువైతే, కొరతపడిన కాల్షియం ఎముకల నుండి బయటికి వస్తుంది. పొద్దుతిరుగుడు పప్పులో సగం దాకా నూనె. కాల్షియం ఒక పాలు ఉంటే భాస్వరం ఎనిమిది పాళ్లు.

భారతీయ ఆహార పదార్థాల పోషక విలువలపై హైదరాబాదు పోషకాహార సంస్థ 1971లో వెలువరించిన పట్టిక ప్రకారం, 100 గ్రాముల కొర్రలలో కాల్షియం 31, భాస్వరం 290 మిల్లీగ్రాములు. 100 గ్రాముల రాగులలో కాల్షియం 344, భాస్వరం 283. 100 గ్రాముల మునగాకులో కాల్షియం 440, భాస్వరం 70. కొర్రలు 100 గ్రాములు, రాగులు 100 గ్రాములు, మునగాకు 50 గ్రాములు కలిపితే మొత్తం కాల్షియం 595, భాస్వరం 608 మిల్లీగ్రాములు అవుతుంది. రెండూ దాదాపు సమానం. పైగా మునగాకులో కెరోటిన్ సమృద్ధిగా ఉన్నది. కాగితం మీద ఇది మంచి మేత. (2017లో ఈ సంస్థ క్రొత్త పట్టికలు వెలువరించింది, అంకెలు కొంత మారినా లెక్క చేసే విధానం మారదు.)

ఇప్పుడు గిన్నె దగ్గర కూర్చొని పక్షిని గమనించండి. అది రాగులను చెదరగొట్టి, మునగాకును ప్రక్కకు నెట్టి, కొర్రలు మాత్రమే ఏరుకొని తిన్నదనుకోండి. అప్పుడు లోపలికి పోయిన కాల్షియం, భాస్వరాల నిష్పత్తి 31కి 290, అంటే ఒకటికి తొమ్మిది! గిన్నె అదే, లెక్కలు రెండు. మొదటిది మనం పెట్టినది, రెండవది పక్షి తిన్నది. గింజల మిశ్రమాలలోని ప్రధాన దోషం ఇదే. ఇంటి మిశ్రమం చేసేవారు పొరపడేది కూడా ఇక్కడనే. సాయంకాలం గిన్నెలో మిగిలినది ఏమిటో చూసి, పెట్టినదానిలో నుండి తీసివేస్తేగాని అసలు లెక్క తేలదు.

దీనికి ఉపాయం లేకపోలేదు. గింజలను, పప్పులను నానబెట్టి ఉడికించి, సన్నగా తరిగిన ఆకు కలిపి, ఏరడానికి వీలులేని ముద్దగా చేయాలి. పై మిశ్రమంలో మాంసకృత్తులు నూటికి పది వంతులకు లోపే గనుక, పిల్లలను సాకే పక్షులకు ఉడికించిన పెసలో, శనగలో చేర్చాలి. పచ్చి చిక్కుడు జాతి గింజలలో జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు ఉంటవి. బాగా ఉడికితే అవి నశిస్తవి. తడి మేత మన ఎండలలో త్వరగా పులుస్తుంది కనుక రెండు మూడు గంటలలో తీసివేయాలి. సముద్రపు నురుగు అనే పేరుతో దొరికే తెల్లని పెంకు ముక్కను పంజరానికి కట్టితే, పక్షి దానిని గీకి కాల్షియం పొందుతుంది. నా పంజరంలో లేనిది ఆ ఒక్క ముక్క, గుప్పెడు ఆకు.

మేతను ఒక్కసారిగా మార్చరాదు. చిన్ననాటి నుండి గింజలే తిన్న పక్షి క్రొత్త ముద్దను ఆహారమని గుర్తించక పస్తు ఉంటుంది. కొద్దికొద్దిగా మారుస్తూ, ప్రతిదినం ఉదయం పక్షిని తూచి బరువు వ్రాసుకోవాలి. బరువు పదవ వంతు తగ్గితే పాత మేతకు మరలి, పశువైద్యుని సంప్రదించాలి.

వేరుసెనగ పాఠం

మన ప్రాంతంలో ఇంటి మిశ్రమంలో మొదట చేరేది వేరుసెనగపప్పు. దానిని గురించి ఒక సంఘటన జ్ఞాపకం ఉంచుకోవాలి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోడి పిల్లలు కారణం తెలియకుండా చనిపోయినవి. కారణం తేలేదాకా ఆ జబ్బుకు ‘టర్కీ ఎక్స్’ అని పేరు పెట్టినారు. చివరకు వాటి దాణాలో కలిపిన వేరుసెనగపిండి మీద పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దోషి అని తేలింది. అది తయారుచేసే విషానికి బూజు పేరునే కుదించి ఆఫ్లటాక్సిన్ అన్నారు. ఈ విషం వేడికి సులభంగా నశించదు. రంగు మారిన, ముడుతలు పడిన, బూజు వాసన కొట్టే పప్పును మనం ఏరి పారవేస్తాం; దానినే ‘చిలుకకు పనికివస్తుందిలే’ అని చిప్పలో వేయడం ఎంత ప్రమాదమో గ్రహించాలి. వెన్నపండు, చాక్లెట్ కూడా పక్షులకు విషతుల్యం.

మన పెద్దల ఆచారంలో పూర్తిగా సత్యం లేకపోలేదు. మిరపపండులో కెరోటిన్ ఉన్నది. మనకు మంట పుట్టించే కారం పక్షి నరాలకు ఎందుకు తగలదో 2002లో జోర్ట్, జూలియస్ అనే శాస్త్రజ్ఞులు వివరించినారు. చిలుకకు మిరపపండు పెట్టిన అవ్వకు కెరోటిన్ తెలియదు. అయినా గింజలలో లేనిదానిని ఆమె చేయి అందించింది.

చివరగా ఒక ముఖ్యమైన మాట. మన రామచిలుకలను, ఇతర దేశీయ చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణల ప్రకారం నేరం. పైన చెప్పిన మేతలన్నీ బడ్జరిగార్, కాకటీల్ వంటి పంజరాలలోనే తరతరాలుగా పుట్టి పెరిగిన విదేశీ పక్షులను ఇప్పటికే సాకుతున్నవారి కోసం. మన రామచిలుకకు మనం కలిపే ఏ మిశ్రమమూ అవసరం లేదు. జామతోట, జొన్నచేను, చెట్టు తొర్ర ఉంటే చాలు.

ఉపాధ్యాయ మిత్రులు విటమినుల పాఠం చెప్పేటప్పుడు, పట్టికను కంఠస్థం చేయించే ముందు, బటేవియా కోళ్ల కథ చెప్పి పై లెక్కను విద్యార్థుల చేత చేయించవచ్చు. ఇంట పక్షి ఉన్న విద్యార్థి ఒక వారం పాటు పెట్టినదెంత, మిగిలినదెంత అని తూచి వ్రాసుకొని రావచ్చు. ఆ తీసివేత లెక్క నేను రెండేండ్లలో ఒక్కనాడు చేసి ఉంటే, మా పంజరంలో ఆ రాత్రి వచ్చి ఉండేది కాదు.